పెన్‌గంగ అవతల లావా నేల

ఆదిలాబాద్ దాటి నాగపూర్ రోడ్డు మీద పోతుంటే పెన్‌గంగ వంతెన వస్తుంది. ఇవతల తెలంగాణ, అవతల మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా. బోర్డుల మీద అక్షరాలు మారతాయి గానీ మాట మారదు. పింపల్‌ఖుటిలో టీ బండి దగ్గర, పాటణ్‌బోరి కిరాణా కొట్లలో, చేలల్లో కూలీల నోట తెలుగే వినిపిస్తుంది. మధ్యలో మరాఠీ వచ్చి కలుస్తుంది, మళ్లీ తెలుగులోకి దిగుతుంది. మా అక్కను ఇచ్చింది పాటణ్‌బోరికే. చిన్నప్పటి నుంచి వస్తూ పోతూ ఉన్న ఊరే. ఈసారి మాత్రం చుట్టపుచూపుకు కాదు, ఆ ఊరి కింద ఉన్న రాయిని చూడ్డానికి పోయాను.

ఆ నల్లరేగడి కింద ఉన్నది అగ్నిపర్వత శిల. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద ఈ ప్రాంతంలో నేల పగుళ్లు విచ్చి లావా పొంగింది. ఒకసారి పొంగి ఆరిపోలేదు. ఆగుతూ, మళ్లీ పొంగుతూ పొర మీద పొర వేసింది. కొట్టుకుపోయింది పోగా ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. పడమటి కనుమల దగ్గర దాని మందం రెండు కిలోమీటర్లు దాటుతుంది. తూర్పుకు వచ్చేకొద్దీ పలచబడుతుంది. నాందేడ్, యవత్మాల్, చంద్రపూర్, మన ఆదిలాబాద్ పడమటి మండలాలు ఆ తూర్పు వైపువే. ఇక్కడ పొగలు కక్కే కొండేమీ ఉండదు. మాడిపోయిన చోట బతుకు మళ్లీ ఎట్లా మొలిచిందో వెతుక్కుంటూ తిరగాలి. నేను తిరిగింది అందుకే.

జనవరి 3, పాటణ్‌బోరి

చీకటి పడే వేళకు అక్క వాళ్లింటికి చేరాను. వాకిట్లో కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టె. శనగపిండితో చేసిన పిఠలం, పచ్చిమిర్చి వెల్లుల్లి దంచిన ఠేచా, పచ్చి కందిగింజల కూర. "తమ్మీ, ఇంకోటి ఏసుకో, చలికి ఆకలైతది" అంటూ అక్క అడక్కుండానే రొట్టె వేసింది. పచ్చి కందిగింజలు జనవరిలోనే దొరుకుతాయి. వాటి తియ్యదనం ఎండు కందిపప్పులో రాదు.

తిన్నాక మంట దగ్గర కూర్చుంటే అక్క ఫోన్ తెచ్చింది. మా మేనకోడలు అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తోంది. పోయిన వేసవిలో సెయింట్ హెలెన్స్ పర్వతానికి పోయి తీసిన ఫోటోలు అవి. 1980 మే 18న ఆ పర్వతం పేలింది. శిఖరం 400 మీటర్ల మేర ఎగిరిపోయింది. దాదాపు 600 చదరపు కిలోమీటర్ల అడవి నేలకూలింది. 57 మంది చనిపోయారు. కొండ ఉత్తరపు దిక్కున వేడి బూడిద, నురగరాయి కప్పేసిన మైదానంలో ఇక ఏమీ మొలవదనుకున్నారు. ఒకటి రెండేళ్లు తిరగకముందే అక్కడ ఓ చిన్న మొక్క ఊదారంగు పూలతో నిలబడింది. దాని పేరు లూపిన్. ఇప్పుడా మైదానంలో ఆ పూలు గుంపులు గుంపులుగా ఉన్నాయి, వాటి మధ్య మా పిల్ల నవ్వుతూ నిలబడి ఉంది.

బావ ఫోన్ తీసుకుని వేళ్లతో ఫోటోను పెద్దది చేశాడు. పిల్ల మొహం దాటి, పూలు దాటి, కింద కొమ్మకున్న కాయల దగ్గర ఆగాడు. "బామ్మర్దీ, ఇగో కాయ చూడు. కందికాయ లెక్కనే లేదూ? ఇది మన పప్పుల జాతిదే" అన్నాడు.

నిజమే. లూపిన్, కంది ఒకే కుటుంబం. వాటి వేళ్ల బుడిపెల్లో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయి. అగ్నిపర్వతపు బూడిదలో ఖనిజాలుంటాయి గానీ నత్రజని దాదాపు ఉండదు. అందుకే ఆ బూడిద మీద ముందు నిలదొక్కుకోగలిగింది లూపిన్. అది చచ్చి కుళ్లిన చోట తర్వాతి మొక్కలకు ఎరువు దొరికింది. నేలలో బొరియలు చేసుకుని బతికే గోఫర్ అనే ఎలుక జాతి జంతువులు కొన్ని పేలుడు తట్టుకున్నాయి. అవి తవ్విపోసిన పాత మట్టి బూడిద పైకి వచ్చి విత్తనాలకు చోటిచ్చింది.

ఇదంతా చెబుతుంటే బావ తలూపుతూ విన్నాడు. రేగడిలో సున్నం, ఇనుము, పొటాష్ ఉంటాయి. నత్రజని మాత్రం తక్కువే. బావ చేలో పత్తి సాళ్ల మధ్య కొన్ని సాళ్లకోసారి కంది సాలు ఉంటుంది. అది ఎందుకని అడిగితే ఆయన చెప్పింది ఇంతే: "మా తాత ఏసిండు, మా నాయిన ఏసిండు. కంది ఉన్న కాడ మల్లేడు పత్తి మంచిగైతది." ఎక్కడో అమెరికాలో లూపిన్ చేసిన పని ఇక్కడ కంది ఏటేటా చేస్తోంది. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

జనవరి 4, చేలు, బావి

పొద్దున్నే చేనుకు పోయాం. పత్తి రెండో తీత నడుస్తోంది. ఆడవాళ్లు నడుముకు గుడ్డ కట్టి ఒడిలో పత్తి నింపుకుంటూ వరస తప్పకుండా కదులుతున్నారు. ఏరిన పత్తికి కిలోకు పది రూపాయలు. చేయి తిరిగిన మనిషి రోజుకు యాభై కిలోల దాకా ఏరుతుందట. మంచు తడి ఆరకముందు ఏరితే పత్తి రంగు మారుతుందని తొమ్మిది దాకా ఆగారు. ఆ లోపల ఒకామె జొన్న కంకులు పిడకల నిప్పుల్లో కాల్చి గోనెపట్టా మీద నలిపింది. వేడి వేడి ఊచబియ్యం, పక్కన ఠేచా, కొంచెం బెల్లం. మరాఠీ వాళ్లు దీన్ని హుర్డా అంటారు. "తినుండ్రి సారూ, మల్ల గింజ గట్టిపడితే దొరకదు" అని దోసిట్లో పోసింది. డబ్బులు తీసుకోలేదు. ఇవ్వబోతే మొహం చిన్నబుచ్చుకుంది.

బావ వాళ్ల పక్క చేలో కొత్త బావి తవ్వుతున్నారు. తవ్వేవాళ్లు వడ్డెరలు. వాళ్ల తాతల నాటి నుంచి మహారాష్ట్రలోనే ఉన్నా ఇంట్లో తెలుగే. మేస్త్రీ తాడు పట్టుకుని నన్ను దించాడు, తానూ దిగాడు. ఈ ప్రయాణంలో నేను చూసిన అన్నిటిలోకీ గొప్పది ఆ బావి గోడే.

పైన నా ఎత్తుకు కొంచెం మించి రేగడి. అది మెత్తగా, నల్లగా, వేళ్లకు అంటుకునే మట్టి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని లోతుగా పగుళ్లిస్తుంది. ఎండాకాలంలో పైమట్టి ఆ పగుళ్లలోకి రాలి, వానలకు మళ్లీ ఉబ్బి, ఏటా తనను తానే కలియదున్నుకుంటుంది. రేగడి కింద పసుపు గోధుమ రంగు మొరం. ఆ మొరంలో గుండ్రటి రాళ్లు పొదిగి ఉన్నాయి. ఒకదాన్ని గోటితో గీకితే ఉల్లిపాయలా పొర ఊడివచ్చింది. దాని కింద ఇంకో పొర, ఆ కింద ఇంకోటి. నాలుగు పొరలు తీశాక లోపల పిడికెడు నల్లరాయి మిగిలింది. అది మేస్త్రీ సుత్తి దెబ్బకు తప్ప లొంగలేదు. నల్లరాయి పొరలుగా విడిపోయి మొరం అయ్యేదీ, మొరం నలిగి రేగడి అయ్యేదీ అక్కడ ఒకే గోడలో, కంటి ముందు కనిపిస్తోంది. మనం పత్తి పండించేది ఆ లావాలోనే. కాకపోతే అది మెత్తబడడానికి వానలకు, వేళ్లకు లక్షల ఏళ్లు పట్టింది.

ఇంకా కిందికి పోతే గట్టి రాయి. దాని అడుగున ఒక ఎర్రటి పట్టీ, జానెడు మందం, ఇటుక రంగులో గోడ చుట్టూతా తిరిగి ఉంది. దాని కింద మళ్లీ నల్లరాయి.

"ఈ ఎర్రపొర తగిలిందంటే మాకు నిమ్మళం" అన్నాడు మేస్త్రీ. "నీళ్లు దీన్ని దాటి కిందికి తొందరగ దిగయ్. దీని మీదనే ఊరుతయి. అగో చూడుండ్రి." పట్టీ పైఅంచున చెమ్మ మెరుస్తోంది. చేయి పెడితే చల్లగా నీరు.

ఆ పట్టీ ఒకనాటి నేల. కింది లావా చల్లబడ్డాక చాలాకాలం దాని మీద ఎండ కాసింది, వాన పడింది, రాయి పైభాగం మట్టిగా మారింది. తర్వాత ఇంకో లావా వచ్చి ఆ మట్టిని కప్పి కాల్చింది. అందులోని ఇనుముకు తుప్పు రంగు వచ్చింది. దక్కన్‌లో రోడ్డు కోతల్లో, బావుల్లో ఇట్లాంటి ఎర్రపొరలు చాలా చోట్ల కనిపిస్తాయి. కొన్నిచోట్ల రెండు లావాల నడుమ మట్టే కాదు, పాత చెరువుల బురద కూడా దొరుకుతుంది. ఆ బురద రాయిగా మారిన పొరల్లో మంచినీటి నత్తలు, చేపల పొలుసులు, తాటి జాతి చెట్ల కాండాలు, కప్పల ఎముకలు ఉన్నాయి. మన వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో అట్లాంటి పొరలోనే చుంచెలుకంత క్షీరదం పళ్లు దొరికాయి. దానికి డెక్కనోలెస్టెస్ అని పేరు పెట్టారు.

అంటే లావాలన్నీ అయిపోయేదాకా బతుకు ఎక్కడో ఆగి చూస్తూ కూర్చోలేదు. దొరికిన ప్రతి విరామంలోనూ వచ్చింది. వాన నీళ్లు గుంటల్లో నిలిచాయి, నత్తలు చేరాయి, చెట్లు మొలిచాయి. మళ్లీ లావా కప్పింది. మళ్లీ వచ్చాయి. సెయింట్ హెలెన్స్‌లో జనం నలభై ఏళ్లుగా చూస్తున్నది ఇక్కడ ఎన్నిసార్లు జరిగిందో ఆ బావి గోడను తడుముతుంటే ఊహకు అందింది.

జనవరి 5, శిబ్లా, పార్డి

బావ ఎరుకలో ఉన్న బొలెరో మాట్లాడుకున్నాం. రోజుకు 2,500 రూపాయలు, డీజిల్ మనది. పాండర్‌కవడాలో ఆగి, ఝరీ జామ్ణీ తాలూకాలోని శిబ్లా దగ్గరి పార్డికి పోవాలి. విదర్భలో పార్డి పేరుతో ఊళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి. దారిలో అడిగిన మొదటి మనిషి ఏ పార్డి అని అడగకుండానే చెయ్యి చూపాడు, డ్రైవర్ అటే తిప్పాడు. గంట తర్వాత చేరింది వేరే పార్డి.

అక్కడ ఒక ముసలావిడ గడప ముందు కందికాయలు ఒలుస్తోంది. మా మాటలు విని తెలుగులోనే "ఎవ్వలింటికి బిడ్డా?" అంది. పుట్టిల్లు ఆదిలాబాద్ జిల్లా బేల అట. యాభై ఏళ్ల కింద ఈ ఊరికి కోడలై వచ్చింది. రాళ్లు చూడ్డానికి వచ్చామంటే ఆశ్చర్యపోలేదు. "మా చేన్ల రాళ్లు మస్తున్నయి, కొంచపోండ్రి, దున్నుటానికి సులువైతది" అంది. ఉప్పేసి ఉడికించిన కందికాయలు గిన్నె నిండా పెట్టి, దారి చెప్పడానికి మనవణ్ని తోలింది. వేరే పార్డికి పోయినందుకు దొరికిన ఆ గంట నాకు ఎంతో ఇష్టమైంది.

అసలు పార్డి దగ్గర చుట్టూ కొలాం గిరిజనుల గూడేలున్నాయి. కొలాంలు మన ఆదిలాబాద్ అడవుల్లోనూ ఉంటారు. వాళ్ల కొలామీ తెలుగుకు చుట్టమైన భాషే. గూడెం పెద్దాయన ఒకరు ముందు నడిచాడు. నాతో తెలుగులో, బావతో మరాఠీలో, వెనకాల వచ్చిన పిల్లలతో కొలామీలో మాట్లాడుతూ ఎక్కడా తడబడలేదు.

కొన్నేళ్ల కింద రోడ్డు పనికి నేల తవ్వుతుంటే ఆ స్తంభాలు బయటపడ్డాయి. నల్లటి రాతి స్తంభాలు, ఒకదానికొకటి ఆనుకుని, అంచులు చెక్కినట్టు సూటిగా ఉన్నాయి. కొన్నిటికి ఆరు ముఖాలు, కొన్నిటికి అయిదు. ఒకదాని ముఖాలు వేలితో లెక్కపెట్టాను. ఆరోది పక్కదానికి ఎంత దగ్గరగా ఉందంటే గోరు కూడా దూరలేదు. "మొదాల చూసినోళ్లు పాత గుడి అనుకున్నరు" అన్నాడు పెద్దాయన.

చేత్తో పేర్చిందనుకోవడంలో వింత లేదు. లావా మందంగా నిలిచిపోయి నెమ్మదిగా చల్లారితే కుంచించుకుపోతుంది, కుంచించుకుంటే పగుళ్లు పుడతాయి. వేడి ఎటు నుంచి పోతోందో ఆ దిక్కుగా పగుళ్లు లోపలికి దిగుతాయి. అన్ని వైపులా ఒకేలా లాగినప్పుడు ఆరు ముఖాల ఆకారం తేలిగ్గా ఏర్పడుతుంది. ముంబైలోని గిల్బర్ట్ హిల్ ఇట్లాంటిదే. అక్కడ అరవై మీటర్ల ఎత్తు స్తంభాలున్నాయి, చుట్టూ అపార్టుమెంట్లున్నాయి.

పార్డిలో స్తంభాల సందుల్లో మట్టి చేరి గడ్డి మొలిచింది. ఒక చోట మోదుగ మొక్క వేరు రెండు స్తంభాల మధ్య దూరి పైరాయిని వేలెడు పక్కకు జరిపింది. ఆ పక్కనే కొన్ని స్తంభాలు విరిగి కంకర కుప్పలో కలిసి ఉన్నాయి. అది చూస్తే కడుపు తరుక్కుపోయింది. కంకరకు ఈ జిల్లాలో వేరే నల్లరాయి ఎంతైనా ఉంది. ఈ నాలుగు గజాల చోటుకు ఒక కంచె, ఒక బోర్డు చాలు. బోర్డు మరాఠీలోనూ తెలుగులోనూ ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ దారిన పోయేవాళ్లలో సగం మంది మనవాళ్లే. పెద్దాయన నా మాట విని పిల్లల వైపు తిరిగి ఏదో చెప్పాడు. వాళ్లు స్తంభాల మీంచి కిందికి దిగారు.

జనవరి 6, వణి, పిస్దుర

వణిలో పొద్దున తర్రీ పోహా. అటుకుల మీద ఎర్రటి శనగల పులుసు, పైన ఉల్లి, నిమ్మకాయ. ప్లేటు 30 రూపాయలు. కారం నషాళానికి అంటింది. రెండో ప్లేటు కూడా తిన్నాను. వణి బొగ్గు ఊరు, లారీల దుమ్ము చెట్ల ఆకుల మీద పేరుకుని ఉంటుంది.

బావకు తెలిసిన రిటైర్డ్ మాస్టారు ఒకాయన ఇంటికి తీసుకుపోయాడు. ఆయన బీరువాలోంచి గుడ్డలో చుట్టిన తెల్లటి చెకుముకి రాయి తీశాడు. నాగపూర్ వైపు దొరికిందట. దాని నిండా బొటనవేలి గోరంత నత్తగుల్లలు, మెలి కూడా చెరగలేదు. ఫైసా అనే మంచినీటి నత్త అది. నాగపూర్‌లో మిషనరీగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్ 19వ శతాబ్దంలో అక్కడి టాక్లీ అనే చోటి పొరల్లో ఈ నత్తల్ని వెతికి పోగుచేశాడు. బావి గోడలో చూసిన విరామంలో చెరువు నిండితే దాంట్లో తిరిగింది ఇదే. మాస్టారు రాయిని నా చేతిలో పెట్టి, నేను చూసినంతసేపూ పక్కనే నిలబడి, మళ్లీ గుడ్డలో చుట్టి పెట్టుకున్నాడు. అదే పద్ధతి. ఇట్లాంటి రాళ్లు జేబులో వేసుకుపోయేవి కావు.

వరోరా దాటి పిస్దుర చిన్న ఊరు. హిస్లాప్ ఇక్కడికీ వచ్చాడు. 1939లో మాట్లీ అనే శాస్త్రవేత్త ఇక్కడ దొరికే వింత రాళ్లను వర్ణించాడు. అవి డైనోసార్ల పేడ రాయిగా మారినవి. ఈ పొరలు లావా కింద ఉంటాయి, అంటే నిప్పు పారక ముందరి నేల. 2005లో లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థకు చెందిన వందనా ప్రసాద్, ఇంకొందరు కలిసి ఈ పేడరాళ్లను పరీక్షిస్తే గడ్డి ఆకుల్లో ఉండే సన్నటి సిలికా రేణువులు కనిపించాయి. అప్పటిదాకా డైనోసార్ల కాలంలో గడ్డి లేదనుకునేవారు. ఆ తర్వాతి పరిశోధనలో వరి వంశానికి దగ్గరి గడ్డి ఆనవాళ్లు కూడా దొరికాయి.

చేలగట్టు మీద ఒక రైతు ఎద్దులకు జొన్నచొప్ప వేస్తున్నాడు. మరాఠీలోనే మాట్లాడాడు, బావ నాకు తెలుగులో చెప్పాడు. "పెద్ద పెద్ద చదువులోళ్లు వచ్చి పేడ ఏరుకపోతరు అంటున్నడు. పేడలో గడ్డి ఉంటదని మాకెప్పుడో ఎరుకే అంటున్నడు." రైతు నవ్వాడు, మేమూ నవ్వాం. గట్టు మీద బూడిదరంగు రాళ్లు చెదురుగా పడి ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండా వంగి చూశాను.

డైనోసార్లు పోయాయి. మెక్సికోలో పడ్డ గ్రహశకలం, ఇక్కడి లావా, రెండూ ఆ కాలానివే. గడ్డి మాత్రం నిలిచింది. ఆ మధ్యాహ్నం వరోరాలో తిన్న అన్నం, జొన్నరొట్టె, ఎద్దుల ముందు చొప్ప, అంతా ఆ వంశమే.

జనవరి 8, మాహుర్

తెలంగాణలో మావురాల ఎల్లమ్మ అంటే తెలియని ఊరుండదు. ఆ తల్లి ఉండేది ఇక్కడే, రేణుకాదేవిగా. నిజామాబాద్, నిర్మల్ వైపు నుంచి వచ్చిన బండ్లు కొండ కింద బారులు తీరి ఉన్నాయి. అక్క మొక్కు తీర్చడానికి మాతో వచ్చింది. మెట్ల పక్కన రోళ్లలో తమలపాకు, వక్క, కాచు వేసి దంచుతున్న చప్పుడు పైదాకా వినిపిస్తుంది. ఆ దంచిన తాంబూలమే ఇక్కడ ప్రసాదం. చిన్న ముద్ద 20 రూపాయలు. నోరంతా ఎర్రబడి, తియ్యటి వగరు చాలాసేపు నిలిచింది. అక్క ఇంటి నుంచి తెచ్చిన పోలెలు నైవేద్యం పెట్టి, మెట్ల మీద కూర్చున్న వాళ్లందరికీ పంచింది.

పైనుంచి చూస్తే చుట్టూ కొండలన్నీ నెత్తి చదునుగా, పక్కలు మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఒక్కో మెట్టు ఒక్కో లావా అంచు. గట్టి రాయి దగ్గర నిటారుగా, మెత్తటి పొర దగ్గర వాలుగా ఉంటుంది. ఆ వాలుల్లోనే మట్టి నిలిచి టేకు చెట్లు వరసలు కట్టాయి. పక్కన నిలబడ్డ ఒకాయన, రాజమండ్రి దగ్గరి కాటేరు నుంచి కుటుంబంతో వచ్చాడు, తమ ఊరి దగ్గరా ఇట్లాంటి నల్లరాయి క్వారీలున్నాయని చెప్పాడు. ఆయన చెప్పింది సరైనదే. రాజమండ్రి చుట్టుపక్కల కాటేరు, గౌరీపట్నం, పంగిడి రాళ్ల రసాయన లక్షణాలు పడమటి కనుమల లావాతో సరిపోలుతున్నాయి. పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి లావా గోదావరి సముద్రంలో కలిసే వైపు దాకా వచ్చిందంటారు పరిశోధకులు. ఆయనకు ఇది చెబితే పిల్లల్ని పిలిచి మళ్లీ చెప్పమన్నాడు. నేను మళ్లీ చెప్పాను.

జనవరి 9, ఉన్కేశ్వర్, సహస్రకుండ్

ఉన్కేశ్వర్ కిన్వట్ తాలూకాలో, పెన్‌గంగ ఒడ్డున ఉంది. శివుడి గుడి పక్కన వేడినీటి కుండం, గంధకం వాసన. చర్మరోగాలున్నవాళ్లు దూరం నుంచి వచ్చి రోజుల తరబడి ఉండి స్నానాలు చేస్తారు. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఒకామె మోకాళ్ల మీద నీళ్లు పోసుకుంటూ, "కింద ఇంకా నిప్పున్నదా అన్నా?" అని అడిగింది. లేదు. ఆ లావా ఎప్పుడో చల్లారింది. వాన నీరు పగుళ్లలో చాలా లోతుకు దిగి, భూమి లోపలి వేడికి కాగి, వేరే పగులు దారిన పైకి వస్తుంది. ఆమె విని, "అట్లనా, అయితే వాననీళ్లే మల్ల వచ్చినయన్నట్టు" అని ఇంకో చెంబు పోసుకుంది.

అక్కణ్నుంచి కిన్వట్ మీదుగా ఇస్లాపూర్ వైపు పోయాం. కిన్వట్ బజారులో అంగళ్ల బోర్డులు మరాఠీలో, బేరాలు తెలుగులో. మధ్యాహ్నం ఒక మెస్‌లో చేపల పులుసు, అన్నం 120 రూపాయలు. వడ్డించినామె కొసరి వేస్తూ "మీది ఏ ఊరు?" అని అడిగింది. నిర్మల్ అనగానే తన పెద్దకోడలిదీ అక్కడే అని ఇంకో చేప ముక్క తెచ్చింది.

సహస్రకుండ్‌లో పెన్‌గంగ నల్లరాతి మెట్టు మీంచి దూకుతుంది. ఒక ఒడ్డు నాందేడ్ జిల్లా, ఇంకో ఒడ్డు యవత్మాల్. జనవరిలో నీరు తక్కువ, రెండు పాయలే పడుతున్నాయి. నీరు తగ్గడం వల్లే రాయి కనిపించింది. వరదలో గులకరాళ్లు సుడి తిరిగి తొలిచిన గుంటలు, కొన్ని చెంబంత, కొన్ని మనిషి దిగేంత. ఒక గుంటలో నిలిచిన నీళ్లలోకి వంగి చూస్తే అడుగున ఒండ్రు, దాని మీద పాకుతున్న సజీవమైన నత్త, పక్కన రెండు చేపపిల్లలు. వణి మాస్టారి రాయిలోని నత్తకూ దీనికీ మధ్య ఆరున్నర కోట్ల ఏళ్లు. అక్క కూడా వంగి చూసి "గిదేనా నువ్వు చెప్పిన నత్త?" అంది. ఆ నత్త కాదుగానీ అదే పని చేస్తోంది అన్నాను.

పోవాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. జలపాతం చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరు మంచివి, కానీ అప్పుడు రేగడి తోవల్లో బండి దిగబడుతుంది. రాళ్లు చూడాలంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. పార్డి అడిగేటప్పుడు శిబ్లా పేరు కలిపి అడగండి. గూడెంలో ముందు పెద్దవాళ్లతో మాట్లాడి, వాళ్లు తీసుకుపోతేనే పోండి. పిస్దురలో చేలు రైతులవి, పంట తొక్కకండి, రాయి తేకండి. ఎక్కడైనా బావి తవ్వుతున్నారని తెలిస్తే మేస్త్రీని బతిమాలి ఒకసారి దిగండి. బండి, డీజిల్, తిండి కలిపి మా ముగ్గురికీ పదహారు వేలు దాకా అయింది.

పక్క చేని బావిలో నాలుగు అడుగుల నీళ్లు పడ్డాయని నిన్న బావ ఫోన్ చేసి చెప్పాడు. ఎర్రపొర మీదనేనట.